నిర్మాణాత్మక అణుసాదృశ్యం: బోధన్ చెరకు, ఆర్మూర్ పసుపు సాక్ష్యంగా

అణుఫార్ములా ఒకటే అయి, అణువులో పరమాణువులు ఒకదానితో ఒకటి కలిసిన క్రమం వేరైనందువల్ల వేర్వేరు పదార్థాలుగా నిలిచే సమ్మేళనాలను నిర్మాణాత్మక సాదృశ్యకాలు అంటారు. ఈ లక్షణానికి నిర్మాణాత్మక అణుసాదృశ్యం అని పేరు. కర్బన రసాయన శాస్త్రపు తొలి పాఠాల్లోనే ఇది కనిపిస్తుంది. తరగతి గదిలో మాత్రం తరచు లెక్కపెట్టే కసరత్తుగా మిగిలిపోతుంది: ఐదు కార్బన్ల ఆల్కేన్‌కు ఎన్ని రూపాలు, ఈ జంట శృంఖల సాదృశ్యమా, స్థాన సాదృశ్యమా అని. నిజానికి ఈ రకాల పట్టిక మన సౌకర్యం కోసం గీసుకున్నది. దాని వెనక ఉన్న సూత్రం ఒక్కటే. ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయన్నది పదార్థాన్ని గుర్తించడానికి చాలదు. ఏది దేనితో బంధమై ఉందో, ఆ బంధం ఎంతకాలం నిలుస్తుందో తెలియాలి. ఈ సూత్రానికి సాక్ష్యం నిజామాబాద్ జిల్లా పంటల్లోనే దొరుకుతుంది. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో బోధన్ చుట్టూ చెరకు విస్తరించింది. 1937లో అక్కడి శక్కర్‌నగర్‌లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. గోదావరిపై పోచంపాడ్ వద్ద 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు చేరువలోని ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాలు పసుపుకు పేరుపడ్డాయి. చక్కెర, మొలాసిస్, ఆల్కహాల్, పసుపు అనే నాలుగూ అణుసాదృశ్యం లేకుండా అర్థం కాని పదార్థాలే.

భావన పుట్టుక

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రసాయన విశ్లేషణ అంటే ప్రధానంగా పదార్థాన్ని విడగొట్టి, దానిలో ఏ మూలకం నూటికి ఎంత ఉందో తేల్చడం. కూర్పు ఒకటైతే పదార్థమూ ఒకటే అన్నది అప్పటి సహజమైన ఊహ. 1820లలో ఆ ఊహకు తొలి దెబ్బ తగిలింది. ఫ్రెడరిక్ వోలర్ పరిశీలించిన సిల్వర్ సయనేట్, యూస్టస్ లీబిగ్ పరిశీలించిన సిల్వర్ ఫల్మినేట్ రెండింటిలోనూ వెండి, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ ఒకే పాళ్లలో ఉన్నాయి. మొదటిది నిలకడగా ఉండే లవణం, రెండోది తాకితే పేలే పదార్థం. ఎవరో ఒకరు పొరబడి ఉంటారని మొదట అనుకున్నారు. మళ్లీ విశ్లేషిస్తే ఇద్దరి లెక్కలూ సరైనవేనని తేలింది. 1828లో వోలర్ అమ్మోనియం సయనేట్‌ను వేడిచేసి యూరియా తయారుచేశాడు. ఈ రెండింటి కూర్పూ ఒకటే. ఇలాంటి ఉదాహరణలు పోగుపడ్డాక 1830లో బెర్జీలియస్ ఈ లక్షణానికి పేరు పెట్టాడు.

ఈ చరిత్రలో ఒక ముక్క పొలం గట్టు మీద యూరియా బస్తాపై ఈనాటికీ కనిపిస్తుంది. బస్తాపై ముద్రించే 46 శాతం నైట్రోజన్ అన్న అంకె యూరియా అణువులోని పరమాణువుల లెక్క నుంచి వచ్చిందే. అమ్మోనియం సయనేట్‌ను లెక్కవేసినా అదే అంకె వస్తుంది. అయినా ఒకటి అయాన్లతో ఏర్పడిన లవణం. మరొకటి ఒక కార్బన్‌కు రెండు నైట్రోజన్లు, ఒక ఆక్సిజన్ నేరుగా బంధమైన అణువు. అంటే ఆ అంకె నిజమే చెబుతుంది, కానీ ఈ రెంటిలో బస్తాలో ఉన్నది ఏదో చెప్పలేదు. తేడా ఎక్కడ దాగి ఉందో బెర్జీలియస్ కాలానికి తెలియదు. 1858లో కెకూలే, కూపర్ విడివిడిగా కార్బన్‌కు నాలుగు బంధాలని, కార్బన్లు తమలో తాము గొలుసుగా కలుస్తాయని ప్రతిపాదించాక దారి దొరికింది. 1861లో బట్లరోవ్, పదార్థం రసాయన గుణాలను దాని నిర్మాణం నిర్ణయిస్తుందని స్పష్టంగా ప్రకటించాడు. ఆ సిద్ధాంతం ప్రకారం ఉండి తీరాల్సిన తృతీయ బ్యుటైల్ ఆల్కహాల్‌ను ఆ దశాబ్దంలోనే తయారుచేసి చూపాడు. అంతవరకూ వింత వాస్తవంగా ఉన్న సాదృశ్యం అక్కడి నుంచి, ఇంకా ఎవరూ చూడని పదార్థాన్ని ముందే చెప్పగల సిద్ధాంతమైంది.

రకాలు, వాటి పరిమితి

రకాలను పరిచయం చేయడానికి నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న ఫార్ములా చాలు. ఆక్సిజన్‌కు ఒక పక్క కార్బన్, మరో పక్క హైడ్రోజన్ ఉంటే ఆల్కహాల్. రెండు పక్కలా కార్బన్లే ఉంటే ఈథర్. ఈ లెక్కన నాలుగు ఆల్కహాళ్లు, మూడు ఈథర్లు, మొత్తం ఏడు నిర్మాణాలు వస్తాయి. నేరు గొలుసు చివర హైడ్రాక్సిల్ సమూహం ఉన్నది 1-బ్యుటనాల్. అది 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. గొలుసుకు కొమ్మ వస్తే ఐసోబ్యుటైల్ ఆల్కహాల్, మరుగు స్థానం 108. వీటి మధ్య ఉన్నది శృంఖల సాదృశ్యం. గొలుసు మారకుండా హైడ్రాక్సిల్ రెండో కార్బన్‌కు జరిగితే 2-బ్యుటనాల్, మరుగు స్థానం 99.5, ఇది స్థాన సాదృశ్యం. ఆక్సిజన్ రెండు ఇథైల్ సమూహాల నడుమకు వస్తే డైఇథైల్ ఈథర్. అది 35 డిగ్రీల లోపే మరుగుతుంది కాబట్టి నిజామాబాద్ ఎండాకాలంలో మూత తీస్తే నిలవదు. ఆల్కహాల్‌కూ ఈథర్‌కూ మధ్య ఉన్నది ప్రమేయ సమూహ సాదృశ్యం. డైఇథైల్ ఈథర్‌కూ మిథైల్ ప్రొపైల్ ఈథర్‌కూ మధ్య, ఒకే ప్రమేయ సమూహానికి రెండు పక్కలా ఉన్న కార్బన్ల పంపకం మారుతుంది. దీన్ని మెటామెరిజం అంటారు. మూడు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు ఉన్న ప్రొపీన్, సైక్లోప్రొపేన్ జంటలో ఒకచోట ద్విబంధం ఉంటే మరోచోట వలయం ఉంటుంది; ఇది వలయ-శృంఖల సాదృశ్యం.

పట్టిక ఇంతవరకూ చక్కగా అమరుతుంది. నాలుగు ఆల్కహాళ్లలో మిగిలిన తృతీయ బ్యుటైల్ ఆల్కహాల్‌ను 1-బ్యుటనాల్‌తో పోలిస్తే అది కదిలిపోతుంది. గొలుసు మారింది, హైడ్రాక్సిల్ స్థానమూ మారింది. దీన్ని శృంఖల సాదృశ్యం అనాలా, స్థాన సాదృశ్యం అనాలా అన్న ప్రశ్నకు ప్రకృతిలో జవాబు లేదు. ఆ రెండు పదార్థాలకు ఆ ప్రశ్నే వర్తించదు. వాటి పరమాణువులు వేర్వేరుగా కలిశాయి, అంతే. మెటామెరిజం సంగతీ ఇంతే. ఆక్సిజన్ గొలుసులో ఒక స్థానం నుంచి మరో స్థానానికి జరిగిందని చెప్పినా అదే జంట వస్తుంది. అయితే పట్టిక వృథా అని దీని అర్థం కాదు. గుణం ఏ దిశలో మారుతుందో ఊహించడానికి అది పనికివస్తుంది. కొమ్మలు పెరిగిన కొద్దీ అణువు గుండ్రబడి, పక్క అణువులతో తాకే వైశాల్యం తగ్గి, మరుగు స్థానం దిగుతుంది. పెంటేన్ మూడు రూపాలు 36, 28, 9.5 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పదిహేను డిగ్రీల చలికాలపు ఉదయం మొదటి రెండూ ద్రవాలు, మూడోది వాయువు. ప్రమేయ సమూహం మారితే మార్పు మరీ తీవ్రం: ఇథైల్ ఆల్కహాల్ 78.4 డిగ్రీల దగ్గర మరిగితే, అదే ఫార్ములా గల డైమిథైల్ ఈథర్ మైనస్ 24.8 దగ్గరే మరుగుతుంది. ఆల్కహాల్ అణువులను ఒకదానికొకటి పట్టి ఉంచే హైడ్రోజన్ బంధం ఈథర్ అణువుల మధ్య లేదు. సోడియం ముక్క వేస్తే ఆల్కహాల్ నుంచి హైడ్రోజన్ బుడగలు వస్తాయి, ఈథర్ నుంచి రావు.

విద్యార్థులు తరచు తడబడే చోట్లు రెండున్నాయి. ఒకటి, కాగితం మీద గొలుసును వంచి గీసి దాన్ని కొత్త సాదృశ్యకంగా లెక్కించడం. ఏకబంధం చుట్టూ పరమాణువులు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి వంపు నిర్మాణం కాదు. పొడవైన గొలుసును వెతికి పేరు పెడితే రెండు బొమ్మలకూ ఒకే పేరు వస్తుంది. రెండోది, కూర్పు శాతానికీ అణుఫార్ములాకూ తేడా మరవడం. నిలవ ఉండి పులిసిన చెరకు రసంలో గ్లూకోజ్, లాక్టిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం మూడూ ఉండవచ్చు. మూడింటిలోనూ కార్బన్ 40 శాతమే. అయినా ఒకదాని అణువులో ఆరు కార్బన్లు, మరోదానిలో మూడు, ఇంకోదానిలో రెండు. పాళ్లు కలిసినా అణుఫార్ములాలు కలవవు కాబట్టి ఇవి సాదృశ్యకాలు కావు.

చక్కెర మిల్లు సాక్ష్యం

చెరకు రసంలోని ప్రధాన చక్కెర సుక్రోజ్. ఆమ్లం వల్లగాని, ఇన్వర్టేజ్ అనే ఎంజైము వల్లగాని అది ఒక నీటి అణువును కలుపుకొని రెండుగా చీలుతుంది. వచ్చేవి గ్లూకోజ్, ఫ్రక్టోజ్. రెండింటిలోనూ ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. గొలుసు రూపంలో గ్లూకోజ్‌కు కార్బొనైల్ సమూహం మొదటి కార్బన్ వద్ద ఉంటుంది కాబట్టి అది ఆల్డిహైడ్; ఫ్రక్టోజ్‌కు రెండో కార్బన్ వద్ద ఉంటుంది కాబట్టి అది కీటోన్. బ్రోమిన్ నీరు గ్లూకోజ్‌ను ఆక్సీకరిస్తుంది, ఫ్రక్టోజ్‌ను అలా చేయదు. ఫ్రక్టోజ్ సుక్రోజ్ కన్నా తియ్యన, గ్లూకోజ్ అంతకన్నా చప్పన. ఫ్రక్టోజ్ నీటిలో విపరీతంగా కరుగుతుంది, గాలిలో తేమను లాక్కుంటుంది, సులువుగా స్ఫటికం కట్టదు.

ఈ తేడా మిల్లు ఆదాయాన్ని నేరుగా తాకుతుంది. నరికిన చెరకు ఎండలో ఆగిపోతే సుక్రోజ్ ఇలా విలోమ చక్కెరగా మారుతూ పోతుంది. 342 గ్రాముల సుక్రోజ్ విడిపోతే 360 గ్రాముల గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మిశ్రమం వస్తుంది. అంటే రసంలో కరిగిన పదార్థం బరువు పెరుగుతుంది, బస్తాకెక్కే చక్కెర తగ్గుతుంది. అందుకే మిల్లు ప్రయోగశాలలో ఒక కొలత చాలదు. బ్రిక్స్ అనేది కరిగిన ఘన పదార్థం ఎంతో చెబుతుంది. అది సుక్రోజో, దాని ముక్కలో దాదాపు పట్టించుకోదు. పోల్ అనే రెండో కొలత ధ్రువణ కాంతి తలం ఎంత తిరిగిందో చూస్తుంది. సుక్రోజ్ విశిష్ట భ్రమణం ప్లస్ 66.5, గ్లూకోజ్‌ది ప్లస్ 52.7, ఫ్రక్టోజ్‌ది మైనస్ 92 ప్రాంతం. కాబట్టి విలోమ మిశ్రమం మైనస్ 20 దగ్గర తేలుతుంది. కుడికి తిరిగేది ఎడమకు తిరగడమే విలోమం అన్న పేరుకు కారణం. పోల్‌ను బ్రిక్స్‌తో భాగించి నూటితో గుణిస్తే రసం శుద్ధత వస్తుంది. విలోమ చక్కెర ఎక్కువగా ఉంటే పోల్ కూడా తప్పు చూపుతుంది. అందుకని 1849లో క్లెర్జే, విలోమానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిచి అసలు సుక్రోజ్‌ను తేల్చే పద్ధతి ఇచ్చాడు. బ్రిక్స్ పరిమాణాన్ని చూస్తుంది, పోల్ నిర్మాణాన్ని చూస్తుంది. శుద్ధత ఈ రెండింటి నిష్పత్తి.

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయంగానే వస్తుంది. కాంతి తలం తిరగడం అణువు ప్రాదేశిక అమరికకు సంబంధించిన విషయం కదా, దాన్ని నిర్మాణాత్మక సాదృశ్యం ఖాతాలో ఎలా వేస్తారు? భ్రమణం అనే గుణం ఉండటానికి ప్రాదేశిక అమరికే కారణం, అది ఒప్పుకోవాల్సిందే. అయితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మధ్య ఆ అమరిక మూడు, నాలుగు, ఐదో కార్బన్ల వద్ద ఒకేలా ఉందని ఎమిల్ ఫిషర్ పరీక్ష రుజువు చేసింది. ఫినైల్‌హైడ్రజీన్ ఈ చక్కెరల మొదటి రెండు కార్బన్ల వద్ద చర్య జరిపి అక్కడి తేడాను చెరిపేస్తుంది; అప్పుడు రెండింటి నుంచీ ఓసజోన్ అనే ఒకే ఉత్పన్నం వస్తుంది. తేడా అంతా మొదటి రెండు కార్బన్ల దగ్గరే ఉందని, అది కార్బొనైల్ స్థానం నుంచే మొదలవుతుందని దీంతో తేలుతుంది. పోలారిమీటర్ ముల్లు ఎదురు పక్కకు తిరగడానికి మూలం పరమాణువులు కలిసిన క్రమం, అంటే అనుసంధానమే.

డిస్టిలరీ సాక్ష్యం

స్ఫటికం కట్టనిదంతా మొలాసిస్‌లో మిగులుతుంది. శక్కర్‌నగర్‌లో చక్కెర మిల్లుతో పాటు డిస్టిలరీ కూడా నడిచింది. మొలాసిస్‌ను ఈస్ట్‌తో పులియబెట్టి స్వేదనం చేస్తే ప్రధానంగా ఇథైల్ ఆల్కహాల్, దానితో పాటు కొద్దిగా ఫ్యూజల్ నూనె వస్తాయి. ఈ నూనెలో ముఖ్యమైనవి రెండు ఎమైల్ ఆల్కహాళ్లు. రెండింటిలోనూ ఐదు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఒకదానిలో మిథైల్ కొమ్మ మూడో కార్బన్ మీద, మరోదానిలో రెండో కార్బన్ మీద. మరుగు స్థానాల తేడా మూడు డిగ్రీలకు మించదు కాబట్టి మామూలు స్వేదనంతో వేరుచేయడం కష్టం. 1855లో పాశ్చర్ వాటిని వేరుచేయడానికి లవణాల స్ఫటికీకరణను ఆశ్రయించాల్సి వచ్చింది.

ఇంత దగ్గరి కవలలు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు జవాబు ఫెలిక్స్ ఎర్లిచ్ ఇచ్చాడు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆయన బీట్ చక్కెర మొలాసిస్‌ను శోధిస్తూ ఐసోల్యూసిన్ అనే కొత్త అమైనో ఆమ్లాన్ని కనుక్కున్నాడు. అప్పటికే తెలిసిన ల్యూసిన్‌తో దాని అణుఫార్ములా సరిగ్గా కలిసింది. కొమ్మ ఉన్న చోటు మాత్రం వేరు. 1907లో ఆయన, ఈస్ట్ ఈ అమైనో ఆమ్లాల నుంచి నైట్రోజన్‌ను తీసుకుని, మిగిలిన అస్థిపంజరాన్ని ఆల్కహాల్‌గా వదిలేస్తుందని చూపాడు. ల్యూసిన్ నుంచి మొదటి ఎమైల్ ఆల్కహాల్, ఐసోల్యూసిన్ నుంచి రెండోది వస్తాయి. నైట్రోజన్ పోయింది, ఒక కార్బన్ పోయింది, ప్రమేయ సమూహం మారింది; కొమ్మ మాత్రం తన చోట తాను ఉండిపోయింది. సాదృశ్యం కాగితం మీది గీతల ఆట అనేవారికి ఇంతకన్నా బలమైన జవాబు ఉండదు. ఒక జీవి ఎంజైములు ఆ తేడాను గుర్తించి, రసాయన చర్యల వరుస పొడవునా కాపాడాయి.

పసుపు సాక్ష్యం, నిలకడ ప్రశ్న

పసుపు సుగంధ తైలంలో ఆల్ఫా-టర్మెరోన్, బీటా-టర్మెరోన్, ఆర్-టర్మెరోన్ అనే కీటోన్లు ఉంటాయి. మొదటి రెండింటిలో పదిహేను కార్బన్లు, ఇరవైరెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. వలయం వద్ద ఉన్న ఒక ద్విబంధం స్థానమే తేడా. అవి సాదృశ్యకాలు. మూడోదానికి పేరులో, వాసనలో చుట్టరికం ఉన్నా రెండు హైడ్రోజన్లు తక్కువ కాబట్టి అది ఈ జంటకు సాదృశ్యకం కాదు. పేరు పోలిక చూసి నిర్ణయించకూడదనడానికి ఇది మంచి హెచ్చరిక.

పసుపు రంగుకు ప్రధాన కారణం కర్క్యుమిన్. దాని నిర్మాణాన్ని 1910లో నిర్ధారించారు. గొలుసు నడుమ రెండు కీటోన్ సమూహాలు, వాటి మధ్య ఒక కార్బన్ ఉన్నట్లు గీస్తే ఒక రూపం. ఆ మధ్య కార్బన్ మీది హైడ్రోజన్ ఒక ఆక్సిజన్ మీదికి జరిగి, బంధాలు సర్దుకుంటే ఎనోల్ రూపం. ఎనోల్‌లో ఏకాంతర ద్విబంధాల వరుస అణువు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా సాగుతుంది. చిక్కని పసుపు రంగు దాని ఫలితం. కీటో రూపంలో ఆ వరుస మధ్యలో తెగిపోతుంది. ఘన స్థితిలోనూ, చాలా ద్రావణాల్లోనూ ఎనోల్‌దే పైచేయి. ఈ సంబంధాన్ని టాటోమెరిజం అంటారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. పసుపు నాణ్యతను కర్క్యుమిన్ శాతంతో బేరీజు వేసే కాలమిది. ఆ శాతంలో రెండు రూపాలూ కలిపి ఒకటిగానే లెక్క.

ఇక్కడే అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. క్షణాల్లో ఒకదానిలోకి ఒకటి మారిపోయే రూపాలను వేర్వేరు పదార్థాలు అనవచ్చా? అనకూడదంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సంగతేమిటి? 1895లో లోబ్రీ ద బ్రూయిన్, వాన్ ఎకెన్‌స్టెయిన్ చూపినట్లు అవి కూడా క్షారంలో ఒకదానిలోకి ఒకటి మారతాయి. అంతేగాక నీటిలో గ్లూకోజ్ దాదాపు పూర్తిగా వలయ రూపంలోనే ఉంటుంది; ఆల్డిహైడ్ గొలుసు అత్యల్పం. అలాంటప్పుడు ఒకటి ఆల్డిహైడ్, మరొకటి కీటోన్ అన్న విభజన బొమ్మల్లోనే ఉన్నట్లు కాదా?

జవాబు రెండు భాగాలు. వలయం కట్టినంత మాత్రాన తేడా పోదు. గ్లూకోజ్ వలయంలో రెండు ఆక్సిజన్లను మోసే కార్బన్ మొదటిది, ఫ్రక్టోజ్‌లో రెండోది. కార్బొనైల్ ఎక్కడ ఉండేదో ఆ గుర్తు అలాగే మిగిలింది. ఇక మార్పిడి సంగతి. రెండు నిర్మాణాలు వేర్వేరు అనుసంధానాలు కలిగి ఉంటే అవి సాదృశ్యకాలే. వాటిని వేర్వేరు సీసాల్లో పెట్టగలమా లేదా అన్నది మధ్యలో ఉన్న శక్తి అవరోధం ఎత్తును బట్టి తేలుతుంది. తటస్థ ద్రావణంలో, గది వేడిమిలో గ్లూకోజ్ ఫ్రక్టోజ్‌గా మారడం అతి నెమ్మది. క్షారమో, గ్లూకోజ్ ఐసోమరేజ్ అనే ఎంజైమో ఆ అవరోధాన్ని తగ్గిస్తుంది. ఈ ఎంజైము సాయంతోనే 1960ల చివరి నుంచి మొక్కజొన్న గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్ అధికంగా ఉన్న పానకంగా పరిశ్రమ మారుస్తోంది. టాటోమర్ల అవరోధం తక్కువ, కానీ శూన్యం కాదు. 1911లో క్నోర్, ఇథైల్ అసిటోఅసిటేట్ కీటో, ఎనోల్ రూపాలను అతి చల్లని స్థితిలో విడివిడిగా పట్టుకున్నాడు. కాబట్టి సాదృశ్యకానికి రెండు లక్షణాలు చెప్పాలి: వేరైన అనుసంధానం, ఆ అనుసంధానం నిలిచే కాలం. మొదటిది నిర్వచనం, రెండోది ఆచరణ. చక్కెర మిల్లులో రసానికి సున్నం, గంధక ధూమం పట్టించి ఆమ్లత్వాన్ని తటస్థం దగ్గర నిలపడం ఈ రెండోదాని మీద అదుపు కోసమే. ఆమ్లం హెచ్చితే సుక్రోజ్ విడిపోతుంది. క్షారం హెచ్చితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చెదిరి రసం నల్లబడుతుంది.

హద్దులు, బోధన

అనుసంధానం తెలిస్తే అంతా తెలిసినట్లేనా అంటే కాదు. గ్లూకోజ్, గేలక్టోజ్‌లలో పరమాణువులు ఒకే క్రమంలో కలిశాయి; నాలుగో కార్బన్ వద్ద హైడ్రాక్సిల్ దిశ మాత్రం వేరు. ఆ తేడా ప్రాదేశిక సాదృశ్యం కిందికి వస్తుంది. నిర్మాణాత్మక సాదృశ్యం అణువు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న; ఆఖరి ప్రశ్న కాదు. అలాగే, సాధ్యమైన నిర్మాణాల సంఖ్య దానంతటదే జ్ఞానం కాదు. పది కార్బన్ల ఆల్కేన్‌కు 75, ఇరవై కార్బన్ల ఆల్కేన్‌కు 3,66,319 నిర్మాణాత్మక సాదృశ్యకాలు సాధ్యమని గణితం చెబుతుంది. వాటన్నిటినీ ఎవరూ తయారుచేయలేదు, చేయనవసరం లేదు. ఆ సంఖ్య చెప్పేది ఒక్కటే: కార్బన్లు పెరిగిన కొద్దీ ఫార్ములా ఇచ్చే సమాచారం ఎంత వేగంగా పలచబడుతుందో.

లెక్కింపు కసరత్తుతోనే విద్యార్థికి క్రమశిక్షణ అలవడుతుందని ఉపాధ్యాయులు అనడంలో నిజముంది. గొలుసును ఒక్కో కార్బన్ చొప్పున కుదిస్తూ, కొమ్మను ఒక్కో స్థానంలో పెడుతూ, పునరుక్తిని పేరుతో పట్టుకుంటూ పోవడం మంచి సాధనే. కానీ లెక్క పూర్తయ్యాక ఈ రెంటిలో ఏది ముందు మరుగుతుంది, ఏది ఆక్సీకరణం చెందుతుంది, ఏది స్ఫటికం కడుతుంది అని అడగకపోతే ఆ సాధన సగంలో ఆగినట్లే. 1-ప్రొపనాల్ 97 డిగ్రీల దగ్గర, 2-ప్రొపనాల్ 82.5 దగ్గర మరుగుతాయని చెప్పడంతో పాటు, మొదటిది ఆక్సీకరణతో ఆమ్లం దాకా పోతే రెండోది అసిటోన్ దగ్గర ఆగిపోతుందని, దానికి హైడ్రాక్సిల్ ఉన్న చోటే కారణమని చెప్పినప్పుడు రకం పేరు గుర్తుండకపోయినా నష్టం లేదు.

బోధన్ మిల్లు 2015 డిసెంబర్‌లో మూతపడింది. అది నడిచినన్నాళ్లూ బ్రిక్స్ ఒక వరుసలో, పోల్ మరో వరుసలో రాయడం చక్కెర పరిశ్రమ నిత్యకృత్యం. ఏ మిల్లుకూ ఒక్క వరుస సరిపోకపోవడానికి ఉన్న కారణమే అణుసాదృశ్యం. ఎంత ఉంది అన్న ప్రశ్నకు వచ్చే జవాబు, ఎలా కలిసి ఉంది అన్న ప్రశ్నకు చెల్లదు.